నూలు మాట్లాడాలి

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒకామె పసుపు గుడ్డసంచి పట్టుకుని మా మేడమెట్లు ఎక్కి వచ్చింది. ఆమె భర్త, నేను తిరువళ్లూరులో ఒకే ఆఫీసులో పనిచేశాం. ఆయన తమిళ ఆడి నెలలో పోయాడు. కొండ గుడికి కావళ్లు మోసేవాళ్లతో మా తిరుత్తణి వీధులన్నీ నిండిపోయిన రోజులవి. లౌడ్‌స్పీకర్ల హోరులో ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో కూడా సరిగా వినపడలేదు. ఆ తరవాత ఆమెను చూడడం ఇదే మొదలు.

సంచిలోంచి ఒక హెడ్‌ఫోను తీసి నా ముందు స్టూలు మీద పెట్టింది. బూడిదరంగు. రెండు చెవులకూ రెండు గిన్నెలు, వెనక పూర్తిగా మూసి ఉన్నవి. చెవుల మీద ఆనే దిండ్లకు నీలిగళ్ల లుంగీగుడ్డతో కుట్టిన తొడుగులు. ఆ కుట్టు ఎవరిదో నాకు తెలుసు.

"మా చెల్లెలి కొడుకు కాట్టుపల్లిలో కాంట్రాక్టు పనికి పోతా ఉండాడు. పెదనాయన హెడ్‌ఫోను నాకియ్యి పెద్దమ్మా అని ఒకటే పోరు. ఇచ్చేదానికేముండాది గానీ, ఇది మంచి సరుకేనా, కాదా? చెడ్డది ఇస్తే ఆయన పేరు పోతాది. మీరు చెప్తే ఇస్తా, చిన్నయ్యా."

నన్ను చిన్నయ్యా అని పిలిచే మనుషులు ఈ ఊళ్లో ఇక లేరనుకున్నాను. ఆ పిలుపు ఆయనది. ఆయన నోటి నుంచి ఆమెకు వచ్చింది.

కూర్చోమన్నాను. మా ఆవిడ మజ్జిగ కోసం లోపలికి వెళ్లింది. హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుంటే అదే పాత బరువు. దాన్ని ఒకసారి తిప్పి చూశాను. అడిగిన మాట చిన్నదే. దానికి సంబంధించిన మనిషి మాత్రం అంత చిన్నవాడు కాదు.

హెడ్‌ఫోను పెట్టుకునే ముందు ఆయన భుజం మీది తువ్వాలు కొసతో రెండు చెవులూ తుడుచుకునేవాడు, ఇంట్లోకి వచ్చే ముందు కాళ్లు కడుక్కున్నంత శ్రద్ధగా. తరవాత వైరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవాడు. నూలు సన్నమా లావా అని చూసే నేతపని చెయ్యి అది. వైరు లావుకూ శబ్దానికీ పెద్ద సంబంధం లేదని ఆయనకు తెలుసు, అయినా నలిపేవాడు. ఆపైన పైకప్పు ఫ్యాను వంక చూస్తూ, నోరు కొద్దిగా తెరిచి కూర్చునేవాడు. ఆఫీసులో పనిచేసే పిల్లలు నవ్వేవారు. "మామా, ఈగ దూరతాది!" అంటే, నోరు మూయకుండానే, "నోరు మూస్తే చెవి సగం మూసుకుంటాది రా," అనేవాడు.

మా ఆఫీసు స్టేషనుకు దగ్గర, ఒక మందులషాపు పైన. ఎక్కడెక్కడివో కంపెనీలు మనుషుల గొంతులు రికార్డు చేసి పంపుతాయి, తమిళం కొన్ని, తెలుగు కొన్ని. రాసి ఉన్న మాటా పలికిన మాటా ఒకటేనా, మధ్యలో వేరే చప్పుడేమైనా దూరిందా అని విని గుర్తు పెట్టడం మా పని. వారంలో సగం రోజులు ఆఫీసులో, సగం ఇంట్లో. మా తాత జవుళి కొట్టులో గుమాస్తాలుండేవారు. నేను ఇక్కడ గుమాస్తాను. కొట్టు ఎలా పోయిందన్నది వేరే కథ, అది చెప్పుకుని బతికే అలవాటు మా ఇంట్లో లేదు. ఇస్త్రీ చేసిన నిండు చేతుల చొక్కా వేసుకుని పొద్దున లోకల్ రైలెక్కుతాను. సీటు దొరకకపోతే నిలబడతాను. జరగమని ఎవరినీ అడగను.

ఆయన ఆ రైల్లోనే నన్ను పట్టుకున్నాడు. నేను ఆఫీసులో చేరిన కొత్తలో, తలుపు దగ్గర నిలబడి ఉంటే పక్కకు వచ్చి, "మీరు బజారువీధి పెద్దయ్య మనవడు గదా?" అన్నాడు.

అవునన్నాను.

"మా నాయన గుడ్డల మూట ఎత్తుకోని మీ కొట్టు అరుగు మీద కూర్చునేవాడు. నేను ఆయన పక్కన. మీరు అప్పుడు ఇంత." మోకాలి దాకా చెయ్యి పెట్టి చూపించాడు. "మీ తాత గుడ్డను కండ్లతో చూసేవాడు కాదు. ఎట్ల చూసేవాడో తెలుసునా మీకు?"

నాకు గుర్తులేదు. ఆయన నా చేతిలోని రుమాలు, నన్ను అడగకుండానే తీసుకుని, మడత పెట్టి, చెవి దగ్గరికి తెచ్చుకుని రెండు వేళ్లతో ఒక్క విదిలింపు విదిల్చాడు. ఆ వెంటనే మా తాత ముఖం నా కళ్ల ముందుకు వచ్చింది. అదే చెయ్యి, అదే పక్కకు వంగిన మెడ. పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల వింతగా చూసింది.

పలచగా నేసిన గుడ్డ దట్టంగా కనపడాలంటే గంజి ఎక్కువ పట్టిస్తారు. కంటికి అది తెలియదు, వేలికి కూడా ఒక్కోసారి తెలియదు. విదిల్చితే మాత్రం పెళపెళమంటుంది. "గంజి మాట్లాడతా ఉండాది. నూలు మాట్లాడాల," అని మా తాత మూటను వెనక్కి తోసేవాడట. ఈయన నాయన ఆ మూట మళ్లీ నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయేవాడట.

"కోపం రాలేదా?" అన్నాను.

"మా నాయనకు యాల రాదు? అరుగు దిగినప్పట్నించి ఇల్లు చేరేదాకా మీ వంశాన్నంతా తిట్టేవాడు. నేను పక్కన నడస్తా వినేవాణ్ని. మంచి మంచి తిట్లు, మీకు చెప్పేదానికి లేదు." రుమాలు నా చేతిలో పెట్టి అన్నాడు: "నాకు మాత్రం కోపం రాలా. వీడు చెవితో యాం కనిపెట్టినాడబ్బా అని ఉండేది. ఇంటికి పొయ్యి, నేను గూడా ఒక్కొక్క గుడ్డ తీసి విదిలించి చూసేవాణ్ని."

మా తాతను ఆయన వీడు అన్నాడు. దాన్ని నేను పట్టించుకోలేదు. పొగిడాడో దెప్పాడో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మా ఓనరు మా ఇద్దరికంటే చాలా చిన్నవాడు. ఒకరోజు మమ్మల్ని పిలిచి, ఆఫీసులో అందరికీ ఒకే రకం మంచి హెడ్‌ఫోను కొంటానన్నాడు. వెనక మూసినదే కావాలి. తెరిచినదైతే ఒకరి గొంతు పక్కవాడి చెవిలో పడుతుంది. ఇంట్లోనేమో మిక్సీ, టీవీ, వీధి, అన్నీ లోపలికి వస్తాయి. చెన్నై డీలరు ప్లేనార్ అనే రకంలో రెండు పంపాడు, ఒకటి నల్లది, ఒకటి బూడిదది. "మామ వినాలి, మీరు రిపోర్టు రాయాలి," అని నన్ను చూసి అన్నాడు. తరవాత ఇంకో మాట కూడా అన్నాడు. ఏది కొంటే దాంతోనే అందరి చెవులకూ ఒక పరీక్ష పెడతాడు. సన్నటి ధ్వనులు పట్టుకోలేనివాళ్లకు వినే పని ఉండదు. కంపెనీలు అలా అడుగుతున్నాయట.

ఆయన తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు, పెట్టుకోవడానికి అప్పుడు హెడ్‌ఫోనేమీ లేకపోయినా.

ఆ తరవాతి పక్షం రోజులూ ఆయన వాటితోనే బతికాడు. నల్లదాన్ని నాకు చూపించి వివరించాడు. "మామూలుదాంట్లో గరాటు మాదిరి ఒక కాయితం ఉంటాది, మధ్యలో తోస్తే కదలతాది. ఇది అట్ల కాదు చిన్నయ్యా. పలచటి పొర, దాని మీద గీతలు గీతలుగా కమ్మీ, పక్కన అయస్కాంతాలు. పొరంతా ఒకటేసారి కదలతాది. మగ్గం మీద పడుగు బిగించినట్ల బిగించి పెట్టుండారు. వెనక తెరిచి ఉంటే గాలాడతాది, శబ్దం పోతాది. మూసినామంటే గిన్నెలో తిరగతాది. తిరిగి వచ్చేదాన్ని ఎవుడు బాగా ఆపినాడో వాడే పనోడు."

మొదట దాంట్లో ఏ శబ్దమూ పెట్టకుండా, ఊరికే తగిలించుకుని వినేవాడు. రైల్లో, ఆఫీసులో ఏసీ కింద, ఇంట్లో కుక్కరు పక్కన. ఏ చప్పుడు లోపలికి వస్తోంది, ఏది రావడం లేదు. తరవాత నా తలకు తగిలించి శబ్దం గట్టిగా పెట్టి, తను బల్ల బల్లకూ పోయి వంగి నిలబడి, బయటికి ఏమైనా కారుతోందా అని వినేవాడు. కళ్లద్దాల కాడ దిండును ఎత్తేస్తే కిందిస్థాయి శబ్దమంతా, అంటే బేసంతా, జారిపోతుందని నా అద్దాలు తీయించి, పెట్టించి, మళ్లీ తీయించాడు. లాప్‌టాప్‌కు నేరుగా తగిలిస్తే పీలగా ఉందని, బొటనవేలంత ఆంప్లిఫైయరు ఒకటి మధ్యలో పెట్టాడు. బరువు చూడడానికి హెడ్‌ఫోనును తలమీద ఉంచుకునే టిఫిను తిన్నాడు. సాయంత్రం మెడ రుద్దుకుంటూ అన్నాడు: "మా నాయన మూట దీనికంటే బరువే. కానీ దాన్ని దించేదానికి ఒక అరుగుండేది."

ఎండాకాలం. తోలు దిండ్ల కింద చెవులు ఉడికిపోతున్నాయని పిల్లలు గొణిగారు. ఆయన పాత లుంగీ చింపి తొడుగులు కుట్టుకొచ్చాడు. చెమట ఆగింది గానీ గుడ్డ కన్నాల్లోంచి కిందిస్థాయి శబ్దమంతా పోయింది. నేతవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టని ఉపాయం తట్టింది. ఆ తొడుగులను గంజిలో ముంచి, ఎండబెట్టి, బిర్రుగా తొడిగాడు. శబ్దం తిరిగి వచ్చింది! పొద్దునంతా ఆఫీసులో మీసం దువ్వుకుంటూ తిరిగాడు. మధ్యాహ్నానికి చెమటకు గంజి మెత్తబడి చెవులకు అంటుకుంది. హెడ్‌ఫోను తీస్తే రెండు చెవులూ తెల్లగా ఉన్నాయి.

"మామా, చెవుల్లో ఇడ్లీ పోసుకున్నావా?" అంది ఒక పిల్ల.

"చట్నీ తేవే," అన్నాడు ఆయన, చెవి గోక్కుంటూ. తరవాత నా వైపు తిరిగి మెల్లగా: "మీ తాత ఉంటే వెనక్కి తోసేవాడు."

పాటలతో ఆయన ఎప్పుడూ పరీక్షించలేదు. "పాట యాడైనా బాగుంటాది. టీకొట్టు రేడియోలో గూడా బాగుంటాది." ఆయన దగ్గర ఒకే ఒక రికార్డింగు ఉండేది, ఫోనులో తీసింది. వాళ్లావిడ ఇంటి ముందు ఆకుకూరలమ్మిని తిడుతుంటే కిటికీలోంచి పట్టాడు. వాడిపోయిన తోటకూర, వారమంతా ఇదే బాగోతం, రేపట్నుంచి ఈ వీధికి రావద్దు, ఆ వరస. కట్టను దులిపినప్పుడల్లా వాళ్లావిడ గాజులు మోగుతాయి. రికార్డు చేసిన సంగతి ఆమెకు తెలియదు.

"ఈ గొంతు నాకు తెలిసినట్ల ఇంకే గొంతూ తెలీదు. దీంట్లో మా ఇంటామె తియ్యగా మాట్లాడిందంటే ఆ హెడ్‌ఫోను అబద్ధాలకోరు!"

రెండింటిలోనూ అది పెట్టి వినేవాడు. తరవాత నా తలకు తగిలించి అడిగేవాడు: "గాజులు వస్తా ఉండాయా?"

నల్లదాంట్లో వస్తున్నాయి, వెనకగా, ఆమె చేతికి ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలో. వస్తున్నాయని చెప్పేవాణ్ని. తల ఊపేవాడు. మరునాడు మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి అడిగినప్పుడు ఆయన కళ్లలోకి చూశాను. ఆయన అడుగుతున్నది హెడ్‌ఫోను గురించి కాదు.

సాయంత్రం రైల్లో కడంబత్తూరు దాటాక తనే చెప్పాడు. "వయసంతా మా అన్న పవర్‌లూము షెడ్లో గదా. ఆ మోతకు సన్నటి చప్పుళ్లన్నీ పోతా ఉండాయి చిన్నయ్యా. ఎడమది ముందే పొయ్యింది. నల్లదాంట్లో గాజులు నాకు లేవు. కూరలమ్మి ఉండాది, మా ఇంటామె ఉండాది, గాజులు లేవు." కిటికీ కమ్మీ మీద గోటితో గీశాడు. "బూడిదదాంట్లో ఉండాయి."

బూడిదదాంట్లో అందరికీ ఉన్నాయి. సన్నటి శబ్దాలను అది ఎత్తి, మెరుగు పెట్టి, సూదుల్లా చెవిలోకి గుచ్చుతుంది. మొదటి నిమిషం ఆహా అనిపిస్తుంది. ఆఫీసు పిల్లలందరికీ అదే నచ్చింది. మధ్యాహ్నం దాకా వింటే తల నొస్తుంది, ఏ గొంతూ దాని గొంతులా ఉండదు. కానీ ఆ హెడ్‌ఫోనుతో పరీక్ష పెడితే ఆయన గట్టెక్కుతాడు. నల్లదానితో పెడితే గట్టెక్కడు. ఆ వయసులో, మగ్గం అమ్ముకున్న మనిషికి ఇంకో పని ఎవరిస్తారు? అరక్కోణం వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి పొలాలు చూస్తూ నిలబడ్డాం.

రిపోర్టు రాయాల్సిన రోజు, మధ్యాహ్నం భోజనాల తరవాత, ఆయన రెండు హెడ్‌ఫోనులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా. పిల్లలు టీకి కిందికి పోయారు.

"మీరు యాది చెప్తే అది రాస్తా," అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. తరవాత నవ్వాడు, పళ్లన్నీ కనపడేలా.

"మీ తాత ఆ మాట అనేవాడు కాదు, చిన్నయ్యా."

నేను నిటారుగా కూర్చున్నాను.

బూడిదదాన్ని వేలితో పక్కకు తోశాడు. సరిగ్గా మూటను తోసినట్టు. "రాయండి. దీంట్లో గంజి మాట్లాడతా ఉండాది. నల్లదాంట్లో నూలు మాట్లాడతాది. బరువెక్కువ, ఎండకు ఉడకతాది, చిన్న మిషను మధ్యలో పెట్టాల. అయినా అదే కొనమనండి. ఇంగ్లీషులో గంజికి యామంటారో అది రాయండి."

నేను ఇంగ్లీషులో ఏదో రాశాను. అది ఆయన అన్న మాట దగ్గరికి కూడా రాలేదు.

నల్లవే కొన్నారు. పరీక్షలో అందరితోపాటు ఆయనా కూర్చున్నాడు, చెవులు తుడుచుకుని, నోరు తెరుచుకుని, ఫ్యాను వంక చూస్తూ. ఓనరు చెడ్డవాడు కాదు. అందరి ముందూ ఏమీ అనకుండా, మామా, ఇకమీదట సామాన్లు మీరు చూసుకోండి, అన్నాడు. దిండ్లు మార్చడం, వైర్లు చుట్టడం, కొరియరు. జీతం తగ్గింది. ఆయన ఆ పని కూడా శ్రద్ధగానే చేశాడు. పిల్లలు హెడ్‌ఫోను తెచ్చిస్తే వైరు నలిపి చూసి, "దీన్ని యాం చేసినావే, తాడాట ఆడినావా?" అనేవాడు. రైల్లో మాత్రం నన్ను గాజుల గురించి ఇక అడగలేదు. మా తాత సంగతులు కూడా తీయలేదు. అవి వినాలని నాకుండేది. అడగడం నాకు చేతకాలేదు.

డీలరు మనిషి ట్రయలు సరుకు వెనక్కి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, బూడిదదాన్ని తను ఉంచుకుంటానని చెప్పి ఆయనే కొనుక్కున్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది.

"మీరే గదా వద్దంటిరి?"

"అది ఆఫీసుకు. బజారుకు పొయ్యే గుడ్డకు గంజి ఉండకూడదు చిన్నయ్యా. ఇంట్లో కట్టుకునేది ఎట్లుంటే ఎవురికి యాం?" సంచిలో పెట్టుకుని రైలెక్కాడు.

ఇప్పుడది నా స్టూలు మీద ఉంది. ఆమె మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఇది తగిలించుకోని కూర్చున్నాడంటే నేను పక్కనే నిలబడి అరిచినా పలికేవాడు కాదు. యాం పాటలు వినేవాడో యామో. సుమ్మా, ఊరికే, నవ్వుకుంటా ఉండేవాడు, పిచ్చోడి మాదిరి. యాం వింటా ఉండావయ్యా అంటే, నీకెందుకు పోవే అనేవాడు."

ఆయన ఫోను ఎక్కడుందని అడిగాను. ఇప్పుడు తనే వాడుతోందట, సంచిలోంచి తీసి ఇచ్చింది. వెతకాల్సిన పని పడలేదు, ఆ రికార్డింగు మొదట్లోనే ఉంది. బొటనవేలంత ఆంప్లిఫైయరు కూడా హెడ్‌ఫోను వైరుకే చుట్టి ఉంది. తగిలించి, ముందు నేను విన్నాను. తోటకూర, ఆకుకూరలమ్మి, ఈమె గొంతు, అన్నిటి మీదా గాజులు. సూదులే. ఆయన చెప్పినంతా నిజం. తల తిప్పుకోవాలనిపించేంత గంజి.

తరవాత ఆమెకు తగిలించాను; ఆమెకు కళ్లద్దాలు లేవు గనక చెవులకు అది బాగా అమరింది. మొదట్నుంచి పెట్టాను.

"ఎవురిది, వీధిలో నిలబడి ఇట్ల అరస్తా ఉండేది..." గట్టిగానే అంది, చెవులు మూసినవాళ్లు మాట్లాడినట్టు. అంతలోనే ఆగిపోయింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. బయటికి ఏమీ వినపడదు, మూసిన గిన్నెలు. ఆమె పెదాలు మాత్రం కదిలాయి, తోటకూర దగ్గర ఒకసారి, రేపట్నుంచి ఈ వీధికి రావద్దు అన్న దగ్గర ఒకసారి. కుడిచెయ్యి ఎడమ మణికట్టు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. ఆ చేతికి ఇప్పుడు ఒక్క సన్నటి బంగారు గాజు ఉంది. తగలడానికి పక్కన ఇంకోటి లేదు.

అయిపోయాక మళ్లీ పెట్టమని సైగ చేసింది. పెట్టాను.

తరవాత తీసి, తొడుగులు సవరించి, ఒళ్లో పెట్టుకుంది. కళ్లు తుడుచుకోలేదు. తను వచ్చిన పని గుర్తు తెచ్చుకున్నట్టు అడిగింది.

"అయితే మంచి సరుకేనా చిన్నయ్యా? పిల్లోడికి ఇయ్యొచ్చునా?"

"మంచి సరుకు కాదక్కా," అన్నాను. "గంజి మాట్లాడతా ఉండాది. ఎవురికీ ఇయ్యద్దు."

"సరి," అంది. హెడ్‌ఫోనును పసుపు సంచిలో పెట్టుకుని, సంచి నోరు చుట్టి చంకలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లింది.